పెరటి కొమ్మకు వేళ్లు

మన ఆడవాళ్లు పుట్టింటికి వెళ్లి వచ్చేటప్పుడు సంచిలో పచ్చడి జాడీతోపాటు తడిగుడ్డ చుట్టిన రెండు కొమ్మలు కూడా తెచ్చుకోవడం తరతరాలుగా వున్న వాడుక. అంగట్లో డబ్బిచ్చి కొన్న మొక్కకు "మా అమ్మ ఇంటి మల్లె" అన్న మమకారం ఎక్కడినుండి వస్తుంది? అయితే అలా తెచ్చిన కొమ్మల్లో ఎన్ని బతికాయని అడిగి చూడండి. చాలామంది నవ్వి, "నా చెయ్యి మంచిది కాదండీ, ఏది నాటినా ఎండిపోతుంది" అంటారు.

చెయ్యి మంచిదనీ చెడ్డదనీ అనుకునే మాటలో పస లేదు. కొమ్మ చిగిర్చినా కారణం వుంటుంది, ఎండినా కారణం వుంటుంది. ఆ కారణాలు నాలుగు తెలిస్తే, ఇంతవరకు ఒక్క కొమ్మా నాటని గృహిణి కూడా ఈ వానాకాలంలోనే తన ఇంట ఒక కుండీ పచ్చగా చేసుకోవచ్చు. మన సంఘం కుటుంబాల్లో ఎక్కువమంది కోలారు జిల్లాలోనూ, బంగారు గనుల ఊళ్లలోనూ స్థిరపడినవారు కనుక ఆ నేలను, ఆ గాలిని దృష్టిలో పెట్టుకుని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కొమ్మ అంటే తల్లి మొక్కే

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. విత్తనం వేస్తే పుట్టేది తల్లి మొక్క బిడ్డ. బిడ్డలో తల్లి పోలిక కొంత వుంటుంది, తండ్రి పోలిక కొంత వుంటుంది. పువ్వు రంగు మారవచ్చు, వాసన తగ్గవచ్చు. కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు. అది తల్లి మొక్కే. అదే పువ్వు, అదే వాసన, అదే రుచి. పాత మొక్క కొత్త వేళ్లమీద నిలబడి తన బతుకును కొనసాగించడం తప్ప అక్కడ కొత్త పుట్టుక ఏమీ లేదు.

ఇంతెందుకు, గింజలేని ద్రాక్షను తీసుకోండి. గింజ లేని పండుకు విత్తనం ఎక్కడిది? అయినా ఆ ద్రాక్ష ఖండాలు దాటి, సముద్రాలు దాటి ఊరూరా పాకిందంటే అది కేవలం కొమ్మల వల్లనే. మన ముంగిట పూసే ముద్ద నందివర్ధనం, కాగితంపూల తీగ కూడా ఇటువంటివే. వీటికి విత్తనాలు కట్టడం అరుదు. ఒక మనిషి కోసి మరొక మనిషికి ఇస్తేనే ఇవి ఊరు మారతాయి. మనిషి చెయ్యి ఆగితే వీటి ప్రయాణమూ ఆగినట్టే.

గనుల ఊళ్లో ఈ పని ఎందుకు ముఖ్యం

కోలారు బంగారు గనులలో 2001 ఫిబ్రవరి 28న పని నిలిచిపోయింది. నూరేళ్లకు పైబడి మూడు నాలుగు తరాలకు అన్నం పెట్టిన గనులు మూతపడ్డాక ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి. కొందరు బెంగుళూరు చేరారు. కొందరు నేటికీ తెల్లవారకముందే మారికుప్పంలోనో, బంగారుపేటలోనో రైలెక్కి, పని చూసుకుని, చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నారు. చాంపియన్ రీఫ్, ఊరిగాం, మారికుప్పం ప్రాంతాల పాత క్వార్టర్ల ముందర మాత్రం తాతల నాటి మందార చెట్లు, మల్లె పొదలు, పన్నీరు గులాబీలు కొన్ని ఇంకా నిలిచి వున్నాయి.

ఇల్లు మారేటప్పుడు మంచాలు, బీరువాలు లారీ ఎక్కుతాయి. నలభై ఏళ్ల మల్లెపొద ఎక్కదు. వేళ్లు పెకలించి తీసుకుపోయినా ఆ వయసులో బతకడం కష్టం. తరువాత వచ్చినవారు దానికి నీళ్లు పోస్తారో, వాహనం నిలుపుకోవడానికి చోటు కావాలని కొట్టేస్తారో మన చేతుల్లో వున్న పని కాదు. కాని ఆ పొదనుండి జానెడు కొమ్మలు నాలుగు కోసి, ఇల్లు ఖాళీ చేయడానికి మూడు నెలల ముందే వేళ్లు పోయించుకుంటే, ఆ మల్లె మనతోనే వస్తుంది. పొద పోయాక కోసుకోవడానికి కొమ్మ దొరకదు. ఈ పనిని వాయిదా వేయరాదని మేము నొక్కి చెప్పడానికి కారణం ఇదే.

ఈ ఊళ్లలో మరొక వింత వున్నది. ఒకే వీధిలో మనం మందారం అన్న మొక్కను పక్కింటివారు దాసవాళ అంటారు, ఎదుటింటివారు సెంబరుత్తి అంటారు. మనం వాము ఆకు అన్నది ఒకరికి దొడ్డపత్రె, మరొకరికి కర్పూరవల్లి. తెలుగు, కన్నడం, తమిళం మాట్లాడే గడపల మధ్య ఈ కొమ్మలు గోడమీదుగా చేతులు మారుతూనే వచ్చాయి. ఏ పేరుతో పిలిచినా కొమ్మ వేరు పోసే తీరు ఒక్కటే.

మన జిల్లా రైతుకు తెలిసిన విద్య

కొమ్మనుండి మొక్క తీయడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు. మైసూరు సీమలో టిప్పు సుల్తాను కాలంనుండి పట్టుపురుగుల పెంపకం వున్నది. ఆ పురుగుకు మేత మల్బరీ ఆకు. కన్నడంలో దీనిని హిప్పునేరళె అంటారు. కోలారు జిల్లాలోనూ, 2007లో దాని నుండి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలోనూ పొలాలకు పొలాలు మల్బరీ తోటలు కనిపిస్తాయి. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత పేరు వినని రైతు ఈ ప్రాంతంలో లేడు. ఇంత మల్బరీ తోటను రైతు విత్తనం చల్లి పెంచడు, కొమ్మముక్కలు నాటి పెంచుతాడు.

అతను ఏమి చేస్తాడో చూడండి. ఆరు నుండి ఎనిమిది నెలల వయసున్న, పెన్సిలు లావు కొమ్మను ఎంచుతాడు. మరీ లేతదీ కాదు, మరీ ముదురుదీ కాదు. మూడు నాలుగు కన్నులుండేటట్టు జానెడు ముక్కలుగా నరుకుతాడు. ఆ ముక్కలను తడి గోనెలో నీడన వుంచి, ఎండబెట్టకుండా మడిలో నాటుతాడు. పైన ఒక కన్ను మాత్రం కనబడనిచ్చి తడి ఆరకుండా కాపాడతాడు. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తీసిన వి-1 రకం మల్బరీ ఊరూరా వ్యాపించినదీ ఇలా కొమ్మల ద్వారానే. ఇంట్లో గులాబీ నాటబోయే మనకు ఇంతకు మించిన గురువు అక్కరలేదు.

ఇంకా వెనక్కు వెళితే, 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్ల వైద్యానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. కొమ్మ నాటి పెంచదగినవాటిలో ద్రాక్షను, దానిమ్మను పేర్కొని, నాటే ముందు కొమ్మకు పేడ పూయమన్నాడు. ఆ రెండు మొక్కలనూ నేటికీ కొమ్మలతోనే పెంచుతున్నారు.

వేరు ఎలా పుడుతుంది?

చెట్టునుండి కోసిన కొమ్మ స్థితి ఎటువంటిది? ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూనే వుంటాయి. నీరు తెచ్చిపెట్టే వేళ్లు మాత్రం లేవు. రాబడి లేని ఇంట్లో ఖర్చు ఆగకపోతే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. కొమ్మలో దాచుకున్న తడి, తిండి అయిపోయేలోగా వేళ్లు పుడితే బతుకుతుంది, లేకుంటే ఎండుతుంది. మనం చేసే ప్రతి పనీ ఆ ఖర్చు తగ్గించడానికో, వేళ్లను త్వరగా రప్పించడానికో అయి వుండాలి. ఈ ఒక్క సూత్రం మనసులో వుంటే మిగతా పద్ధతులన్నీ వాటంతట అవే బోధపడతాయి.

కోసిన చోట మొదట గాయం మానినట్టు ఒక పొర కడుతుంది. చిగురులోనూ, లేత ఆకులలోనూ తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కిందికి దిగి ఆ కోత దగ్గర పోగవుతుంది. దాని ప్రేరణవల్ల అక్కడి కణాలు కాండంగా వుండడం మాని వేళ్లుగా మారతాయి. హాలెండు దేశీయుడైన ఫ్రిట్స్ వెంట్ 1920వ దశకంలో ఓట్సు మొలకలతో ప్రయోగాలు చేసి ఆక్సిన్ వున్నదని నిరూపించాడు. కొమ్మలకు వేళ్లు పుట్టించేదీ ఇదేనని 1930వ దశకంలో తేలింది. నేడు నర్సరీలలో అమ్మే వేళ్ల పొడిలో వుండేది ఆ జాతి పదార్థమే. దాని పేరు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. గులాబీ వంటి మొండి మొక్కలకు అది సాయపడుతుంది. మందారానికి, వాము ఆకుకు అక్కరలేదు. మొదటిసారి నాటేవారు దానికోసం వెదకనక్కరలేదు.

నాటే విధానం

ఉదయం ఎండ ఎక్కకముందు కొమ్మ కోయాలి. ఆ వేళ కొమ్మనిండా నీరుంటుంది. తెగులు లేని, పూలు లేని కొమ్మను ఎంచుకోవాలి. మొగ్గలుంటే తుంచెయ్యాలి. పువ్వు మీద ఆశ పెట్టుకుంటే వేరుకు పోవలసిన తిండి పువ్వుకు పోతుంది.

ఆరు నుండి ఎనిమిది అంగుళాల ముక్క చాలు. పదునైన కత్తిని వేడినీళ్లతో కడిగి వాడాలి. మొద్దు కత్తితో నలిపితే నలిగిన చోట కుళ్లు పడుతుంది. అడుగున కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా కోయాలి, పైన కన్నుకు కొంచెం ఎత్తున అడ్డంగా కోయాలి. ఇలా రెండు తీరుల కోయడంలో ఒక సౌలభ్యం వున్నది. ఆకులు తీసేశాక తల ఏదో, మొదలు ఏదో మరచిపోయినా కోత చూసి పోల్చుకోవచ్చు. తలకిందులుగా నాటిన కొమ్మ సరిగా వేరు పోయదు.

కింది ఆకులన్నీ తీసివేసి, పైన రెండు మూడు మాత్రం వుంచాలి. అవి పెద్దవైతే సగానికి కత్తిరించాలి. అసలు ఆకే లేకపోతే లేత కొమ్మకు వేళ్లు పుట్టించే పదార్థం కరువవుతుంది, ఎక్కువుంటే తడి ఆరిపోతుంది. అందుకే ఈ మధ్యేమార్గం.

అడుగున రంధ్రమున్న కుండీలోనో, పాత డబ్బాలోనో సగం ముతక ఇసుక, సగం ఎర్రమన్ను కలిపి నింపాలి. ఎరువు వెయ్యకూడదు. వేరే లేని కొమ్మ ఎరువును ఏమి చేసుకుంటుంది? పైగా కుళ్లు పట్టే అవకాశం పెరుగుతుంది. ముందుగా పుల్లతో గుంట చేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్టు కొమ్మను దించి, చుట్టూ వేళ్లతో అదమాలి. కొమ్మను నేరుగా గుచ్చితే కోత దెబ్బతింటుంది. తరువాత నీళ్లు పోసి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి గుడారంలా కప్పాలి. లోపలి తడి లోపలే తిరుగుతుంది. రోజుకొకసారి సంచి ఎత్తి గాలి తగలనివ్వాలి. కుండీని వెలుతురు బాగా వుండి, ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. తూర్పు వరండా శ్రేష్ఠం.

నీటి విషయంలో మన జిల్లాకు ఈ పని ఎంతో అనుకూలం. కోలారులో ఏడాది పొడుగునా పారే నది లేదు. రైతులు బోరుబావులకోసం వెయ్యి అడుగులు దాటి తవ్విన ఊళ్లున్నాయి. అయితే కప్పివుంచిన కుండీకి రోజుకు ఒక చిన్న లోటా నీరు కూడా పట్టదు. మట్టి పైపొర వేలితో తాకి, ఆరితేనే పొయ్యాలి. బోరు నీటిలో ఉప్పు ఎక్కువై కుండీ అంచున తెల్లని పొర కడుతూ వుంటే, వాన నీరు పట్టి వుంచుకుని వాడడం మంచిది.

ఇసుక సంగతి

గనుల ఊళ్లవారికి ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఇసుక అనగానే కళ్లముందు కొండల్లా కనబడే సైనైడు దిబ్బలు కొందరికి గుర్తుకు రావచ్చు. అది ఇసుక కాదు. బంగారం తీయడానికి పిండిలా నూరి, సైనైడు ద్రావకంతో శుద్ధిచేసి పారబోసిన రాతిపొడి. అది తడిస్తే ముద్దకట్టి గాలిని చొరనివ్వదు. రసాయనాల శేషాలు, లోహాల అంశాలు దానిలో వుంటాయి. కొమ్మ మాట అటుంచి, పిల్లలు తిరిగే ఇంట్లోకి ఆ పొడిని తేనేకూడదు. ఇల్లు కట్టేవారి దగ్గర దోసెడు ముతక ఇసుక అడిగి తెచ్చుకోండి. అది మిషను ఇసుక అయితే నీళ్లు తేరేవరకు నాలుగైదు సార్లు కడిగి, సన్నని దుమ్ము పోయాక వాడండి.

ఏ మొక్కతో మొదలుపెట్టాలి?

మొదటి ప్రయత్నానికి వాము ఆకు, తులసి మంచివి. ఈ రెండింటి కొమ్మలు గ్లాసుడు నీళ్లలో పెట్టినా వారం రెండు వారాలలో తెల్లని వేళ్లు కనబడతాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకన్న మంచి పాఠం లేదు. నీరు రెండు రోజులకొకసారి మార్చాలి. వేరు అంగుళం పొడవు కాగానే మట్టిలోకి మార్చాలి. నీళ్లలో పుట్టిన వేళ్లు పెళుసుగా వుంటాయి, ఆలస్యమైతే మట్టిలో నిలదొక్కుకోలేవు.

తరువాత మందారం, నందివర్ధనం, కాగితంపూలు, క్రోటన్లు. వీటికి నెల నుండి రెండు నెలలు పడుతుంది. నందివర్ధనం, గన్నేరు కోసినప్పుడు పాలు కారతాయి; పాలు ఆగాక కడిగి నాటాలి. గన్నేరు విషం కనుక చేతులు, కత్తి శుభ్రంగా కడుక్కోవాలి. మల్లె, కాకడ, గులాబీ కొంచెం ఓపిక కోరతాయి. నాటు పన్నీరు గులాబీ కొమ్మనుండి బాగా వస్తుంది. నర్సరీలో కొన్న పెద్దపూల గులాబీలు సాధారణంగా అడవి గులాబీ మొదలుమీద అంటు కట్టినవి. వాటి కొమ్మకు వేరు వచ్చినా అంత బలంగా పెరగకపోవచ్చు.

మునగకు వేరే పద్ధతి. దానికి చేతిమణికట్టు లావున మూడు నాలుగు అడుగుల కొమ్మ కావాలి. కోత రెండు మూడు రోజులు నీడన ఆరాక నేరుగా నేలలో నాటాలి. శ్రీనివాసపురం మామిడిమీద మనసుపడి కొమ్మ తెచ్చి నాటేవారున్నారు. మామిడి ఇలా రాదు, దానికి అంటు కట్టవలసిందే. కరివేపాకుకు వేరునుండి వచ్చే పిలకలు, లేదా గింజలు నమ్మదగినవి.

కాలం కూడా చూడాలి. సముద్రమట్టానికి సుమారు 2,700 అడుగుల ఎత్తున వున్న కోలారు పీఠభూమిలో మార్చి నుండి మే వరకు ఎండ, పొడిగాలి కొమ్మను తాగేస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో వేరు బద్ధకిస్తుంది. ఆషాఢం ఈదురుగాలి తగ్గాక, శ్రావణం మొదలుకొని అక్టోబరు వానల వరకు మంచి అదను. మన ప్రాంతంలో వానలు ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరులలోనే.

తొందర పనికిరాదు

పది రోజులకు చిగురు కనబడగానే కొమ్మ బతికిందని సంబరపడి కుండీ మార్చేవారు చాలామంది. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చినది. వేరు ఇంకా పుట్టి వుండకపోవచ్చు. అప్పుడు కదిపితే వున్న ఆశ కూడా పోతుంది. వేరు వచ్చిందా అని రోజూ పీకి చూడడం మరీ ప్రమాదం. వెంట్రుకలా పుట్టిన వేరు అక్కడే తెగుతుంది. అడుగు రంధ్రం దగ్గర తెల్లని వేరు కనబడేవరకు ఆగాలి. లేదా మెల్లగా లాగితే కొమ్మ పట్టు వదలకుండా నిలవాలి.

అప్పుడు కూడా ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. సంచిని మొదట గంటసేపు, మరునాడు రెండు గంటలు తీస్తూ, వారం పదిరోజులలో బయటి గాలికి అలవాటు చెయ్యాలి. తరువాత మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిలోకి మార్చుకోవచ్చు. కొమ్మ మొదలు నల్లబడి మెత్తనైతే నీరు ఎక్కువైందనీ, ముడుతలుపడి ఎండితే తడి చాలలేదనీ తెలుసుకుని మరొకటి నాటాలి. అందుకే ఒక్క కొమ్మతో సరిపెట్టకుండా ఐదారు నాటండి. అన్నీ బతికితే పంచిపెట్టడానికి ఇరుగుపొరుగు వుండనే వున్నారు.

దూరపు ఊరినుండి తెచ్చేటప్పుడు కొమ్మల మొదళ్లకు తడి కాగితం చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టండి. బస్సు కిటికీ పక్క ఎండలో పెట్టకుండా, ఇల్లు చేరిన రోజే నాటండి.

కుండీమీద ఒక చీటీ అంటించి మొక్క పేరు, నాటిన తేదీ, ఎవరి ఇంటినుండి వచ్చినదో వ్రాసి వుంచితే మరీ మంచిది. పెద్దవారు వుండగానే "ఈ మల్లె మొదట ఎక్కడిది?" అని అడిగి తెలుసుకోండి. ఒకరు మదనపల్లె అంటారు, ఒకరు ముళబాగిలు అంటారు, ఒకరు అత్తవారి ఊరు చెబుతారు. చీటీ లేకపోతే ఒక తరం గడిచేసరికి మొక్క మిగిలినా దాని ఊరు మరుగునపడుతుంది. మీ పాత ఇంటి ముంగిట ఇంకా పూస్తున్న మొక్క ఏదైనా వుంటే, ఈ శ్రావణంలోనే నాలుగు కొమ్మలు కోయండి. రెండు మీకు, ఒకటి పిల్లల ఇంటికి, ఒకటి పక్కింటివారికి.